న్యాయసూత్రముల వెనుక మనుష్యులు

న్యాయశాస్త్రమును అభ్యసించు విద్యార్థికి మొదటి సంవత్సరముననే కొన్ని మాటలు పరిచయమగును. ఒడంబడిక, ప్రతిఫలము, దోషబుద్ధి, అజాగ్రత్త, స్వామ్యము, రుజువు భారము, సహజన్యాయము అనునవి అట్టివి. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క గ్రంథము. ఒక్కొక్క గ్రంథమునకు కొన్ని నిర్వచనములు. విద్యార్థి వానిని కంఠస్థము చేయును, పరీక్ష వ్రాయును, పిదప చాలభాగము మరచును. న్యాయస్థానపు గడప త్రొక్కవలసిన అవసరమెన్నడును కలుగని గృహస్థునకు ఈ మాటలతో తనకేమి పని యని తోచుటయు సహజమే. కాని మనము అంగడిలో మందుసీసా కొన్నప్పుడు, ఇల్లు అద్దెకిచ్చినప్పుడు, ఆడపిల్లకు పెండ్లిచేసి పంపినప్పుడు, ఠాణానుండి పిలుపు వచ్చినప్పుడు ఈ మాటలే మన ప్రక్క నిలిచియుండును. మనము వానిని గమనింపము, అంతే భేదము.

ఈ భావములు ఆకాశమునుండి ఊడిపడినవి కావు. ప్రతిదాని వెనుకను ఒక తగవు కలదు. తగవు వెనుక ఒక మనిషి కలడు. అతనికి కలిగిన నష్టమో, అవమానమో, ప్రాణభయమో కలదు. నేరము, సాక్ష్యము, ఒడంబడిక, అపకృత్యము, ఆస్తి, రాజ్యాంగము అను శాఖలలో ఒక్కొక్కదానినుండి ఒక్కొక్క మూలభావమును గ్రహించి, అది ఎట్లు రూపుదాల్చినదో ఈ ప్రసంగమున మనము పరిశీలింతము.

మన దేశమున వ్యవహారధర్మము క్రొత్తది కాదు. మనుస్మృతి వివాదములను పదునెనిమిది విధములుగా విభజించి, వానిలో అప్పుల తగవును మొట్టమొదట నిలిపినది. యాజ్ఞవల్క్యస్మృతి ఆచారము, వ్యవహారము, ప్రాయశ్చిత్తము అని మూడధ్యాయములుగా నున్నది. అందు వ్యవహారమునకు నాలుగు పాదములు చెప్పబడినవి: వాది అభియోగము, ప్రతివాది ఉత్తరము, రుజువు, నిర్ణయము. నేటి సివిల్ దావా నడక కూడ స్థూలముగా ఇదియే. లిఖితము, భుక్తి, సాక్షులు అని రుజువులు మూడు. ఈ మూడును లేనిచోట మాత్రమే అగ్ని, జలము మొదలగు దివ్యపరీక్షలు. అనగా కాగితము, అనుభవము, కన్నవారి మాట. ఇవి యున్నంతవరకు దైవమును సాక్ష్యమునకు పిలువ నక్కరలేదని ఆనాటివారి అభిప్రాయము.

ఆ స్మృతికి కల్యాణి చాళుక్యుల రాజ్యమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరయను వ్యాఖ్యను రచించెను. 13వ శతాబ్దిలో తిక్కన సోమయాజికి సమకాలికుడైన కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగున పద్యరూపమున నిర్మించెను. దాయభాగము, ఋణము, సాక్షులు అను విషయములను దేశభాషలో తెలిసికొనవలెనను కోరిక మనవారికి ఏడువందల యేండ్లకు పూర్వమే కలిగినదనుటకు ఇది నిదర్శనము. ఐనను ఒక సత్యమును మరుగుపరుపరాదు. స్మృతులలో ఒకే నేరమునకు వర్ణమును బట్టి శిక్ష మారెను. చట్టము ముందర అందరును సమానులను భావము వానియందు లేదు. ఆ భావమునకు 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు 14వ అధికరణము వరకు వేచియుండవలసి వచ్చెను.

ఇక నేరము సంగతి. చేయి చేసిన పనికి మాత్రమే కాక, ఆ పని వెనుక మనస్సు ఎట్లున్నదో విచారించి శిక్షింపవలెననునది నేరశాస్త్రమునకు పునాది. దీనినే దోషబుద్ధి యందురు. పరుని గొడుగును తనదేయని భ్రమించి తీసికొనిపోయినవాడు దొంగ కాడు; పరునిదని తెలిసి తీసికొనిపోయినవాడు దొంగ. గొడుగు ఒకటియే, పోయినవాని నష్టమును ఒకటియే. మనస్సు మాత్రము వేరు.

ఈ భావమును మన దేశమునకంతటికిని ఒక స్మృతిగా కూర్చు పని మెకాలే అధ్యక్షుడుగా 1830వ దశకమున ఏర్పడిన మొదటి లా కమిషనునకు అప్పగింపబడెను. చిత్తు 1837లో సిద్ధమయ్యెను. కాని అది ఇరువదేండ్లకు పైగా బల్లలమీద నిదురించెను. 1857 నాటి తిరుగుబాటు జరిగి, కంపెనీ ప్రభుత్వము పోయిన తరువాత, బార్న్స్ పీకాక్ సంస్కరించిన రూపమున 1860లో శాసనమై, 1862 జనవరి 1 నుండి అమలయ్యెను. అదియే 511 సెక్షనుల భారత శిక్షాస్మృతి. అందు మెకాలే పద్ధతి ఒకటి గమనింపదగినది. దోషబుద్ధి యను ఒక్క మాటతో సరిపెట్టక, ఒక్కొక్క నేరమునకు ఎట్టి మనస్సు కావలెనో విడివిడిగా చెప్పెను. దొంగతనమునకు అన్యాయార్జన బుద్ధి. మోసమునకు వంచనా సంకల్పము. హత్యకు చంపవలెనను ఉద్దేశమో, చావు తప్పదను ఎరుకయో. ఏడేండ్లలోపు పిల్లవాడు ఏమి చేసినను నేరము కాదు. ఏడు మొదలు పండ్రెండేండ్లవరకు వానికి తన పని ఫలితము తెలియునా లేదా యని విచారింపవలెను. మతిచలించినవాని కృత్యమును నేరము కాదు.

మనస్సునకు ఇంత ప్రాధాన్యమిచ్చిన న్యాయము ఎక్కడ గీత గీయవలెను? 1884లో ఇంగ్లండున ఒక వ్యాజ్యము ఈ ప్రశ్నను లోకము ముందర నిలిపెను. నడిసముద్రమున ఓడ మునిగి, చిన్న పడవలో నలుగురు కొట్టుకొనిపోవుచుండిరి. అన్నపానములు లేక దినములు గడచెను. ఇద్దరు నావికులు నీరసించి పడియున్న కుర్రవానిని చంపిరి. ముగ్గురు ఆ మాంసముతో ప్రాణము నిలుపుకొనిరి. పిదప వారిని మరియొక ఓడ రక్షించెను. తన ప్రాణము నిలుపుకొనుటకు నిరపరాధిని చంపు హక్కు ఎవనికిని లేదని న్యాయమూర్తులు నిర్ణయించి మరణదండన విధించిరి. తరువాత రాణి ప్రభుత్వము దానిని ఆరు నెలల కారాగారముగా తగ్గించెను. తీర్పు ధర్మమును చెప్పెను; తగ్గింపు జాలిని చూపెను. రెండింటికిని చోటున్నను, ఒకదాని పేరు మరియొకదానికి పెట్టరాదని ఈ వ్యాజ్యము నేర్పుచున్నది.

2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానమున 358 సెక్షనుల భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. చిన్న నేరములు కొన్నింటికి సమాజసేవను శిక్షగా విధించుట వంటి క్రొత్తలు అందు కలవు. సెక్షనుల సంఖ్యలు మారినవి. ఉద్దేశము, ఎరుక, వంచనాసంకల్పము, ఏడేండ్ల పిల్లవాని మినహాయింపు మాత్రము మారలేదు. విద్యార్థి సంఖ్యలను మరల నేర్చుకొనవలసియుండును. భావమును మరల నేర్చుకొన నక్కరలేదు.

సాక్ష్యశాస్త్రమున ఒక నియమము మన తెలుగు జిల్లాల చరిత్రతో సంబంధము గలది. పోలీసు ఉద్యోగి ఎదుట ముద్దాయి చేసిన నేరాంగీకారము అతనికి వ్యతిరేకముగా రుజువుపరుపరాదు. 1872 నాటి భారత సాక్ష్యచట్టమున ఇది 25వ సెక్షను. 'తానే ఒప్పుకొన్నాడు గదా, ఇంక రుజువేల?' యని సామాన్యునకు తోచవచ్చును. కాని ఆ ఒప్పుకోలు ఎట్లు వచ్చినదో తెలిసినచో ఆ ప్రశ్న నిలువదు.

1854లో బ్రిటిషు పార్లమెంటున మద్రాసు రాజధాని పాలనను గూర్చి తీవ్రమైన చర్చ జరిగెను. శిస్తు వసూలు కొరకును, నేరములు ఒప్పించుట కొరకును రయితులను చిత్రహింసలు పెట్టుచున్నారని ఆరోపణ. అంతట ఒక విచారణ సంఘమును నియమించిరి. అది 1855లో నివేదిక సమర్పించెను. మన సర్కారు జిల్లాలును, రాయలసీమయును ఆనాడు ఆ రాజధానిలోనివే. ఆరోపణ నిజమని సంఘము తేల్చెను. కిట్టి యను చెక్కల నడుమ చేతివ్రేళ్ళను బిగించి నొక్కుట, మెడను కాళ్ళకు వంచి కట్టి ఎండలో నిలుపుట మొదలగు హింసలు వాడుకలో నున్నవని ఆ నివేదిక చెప్పినది. శిస్తు వసూలు చేయువాడును, దొంగను పట్టువాడును ఒక్కరే యగుట ఈ దుస్థితికి ఒక ముఖ్యకారణము. అందువలన 1859లో మద్రాసునకు ప్రత్యేక పోలీసు చట్టము చేసి రెండు పనులను విడదీసిరి. కొట్టి ఒప్పించుటను శిక్షాస్మృతి 330వ సెక్షనున నేరముగా చేసిరి. 1861 నాటి నేర విచారణ స్మృతిలో పోలీసుల ఎదుటి ఒప్పుకోలు చెల్లదనిరి. పిదప దానిని జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ సాక్ష్యచట్టమున చేర్చెను.

ఆ తర్కము సూక్ష్మమైనది. హింసను నిషేధించినంతమాత్రమున హింస ఆగదు. హింసవలన లభించు ఫలమును పనికిరానిదిగా చేయవలెను. కొట్టి రాబట్టిన మాటకు న్యాయస్థానమున విలువ లేదన్నచో కొట్టుటకు ప్రేరణ తగ్గును. పూర్తిగా పోవునని మాత్రము అనజాలము. ఒప్పుకోలు మూలమున ఏదేని వస్తువు బయటపడినచో అంతమేర మాటను స్వీకరింపవచ్చునను మినహాయింపు 27వ సెక్షనున నుండెను. ఆ సందుననే దుర్వినియోగము దూరుచున్నదని న్యాయవాదులు చిరకాలముగా మొరపెట్టుచున్నారు. 2024 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమున ఈ నియమమును, మినహాయింపును రెండును 23వ సెక్షనున చోటుచేసికొన్నవి.

దీనికి తోడైన మరియొక సూత్రము, నేరమును రుజువుచేయు భారము అభియోగము తెచ్చినవారిదే యనునది. 1935లో ఇంగ్లండున వుల్మింగ్టన్ అను యువకుని వ్యాజ్యములో ఇది స్థిరపడినది. ఇరువదియొక్క యేండ్ల పొలము కూలివాడు. తుపాకి ప్రేలి భార్య చనిపోయెను. పొరబాటున ప్రేలినదని అతడనెను. పొరబాటని నీవే రుజువుచేయుమని క్రింది న్యాయమూర్తి జూరీకి చెప్పగా మరణదండన పడెను. ప్రభువుల సభ దానిని కొట్టివేసెను. ముద్దాయి తన నిర్దోషిత్వమును రుజువుచేయనక్కరలేదు. సహేతుకమైన సందేహము కలిగినచో చాలును. ఒక కూలివాని మెడకు బిగిసిన ఉరిత్రాటినుండి ఈ సూత్రము బయటపడినది.

ఒడంబడికల శాఖకు వత్తము. ఇక్కడ కూడ ప్రధానమైనది మనస్సే. ఇరువురు ఒకే విషయమును ఒకే అర్థమున అంగీకరించినప్పుడే ఒడంబడిక. 1913లో అలహాబాదు హైకోర్టు విచారించిన వ్యాజ్యము దీనికి చక్కని ఉదాహరణము. ఒక యజమాని ఇంటి పిల్లవాడు చెప్పకుండ పోయెను. యజమాని తన గుమాస్తా లాల్మన్ శుక్లాను వెదకిరమ్మని హరిద్వారము వైపు పంపెను. అతడు వెళ్ళిన తరువాత, పిల్లవానిని తెచ్చినవారికి 501 రూపాయలు బహుమానమని కరపత్రములు వేసిరి. గుమాస్తాకు ఆ సంగతి తెలియదు. పిల్లవానిని వెదకి తెచ్చెను. కొంతకాలమునకు యజమానితో చెడి, బహుమానము కొరకు దావా వేసెను. న్యాయస్థానము ఇప్పింపలేదు. ప్రతిపాదన తెలియనివాడు దానిని అంగీకరించుట ఎట్లు? పైగా వెదకుట అతని ఉద్యోగధర్మమే. తీర్పు శాస్త్రసమ్మతమే, ఐనను చదివినవారి మనస్సున ఆ గుమాస్తాయెడ కొంత జాలి మిగులును. ఆ జాలికిని, ఆ తర్కమునకును నడుమనున్న దూరమును గుర్తించుటయే న్యాయవిద్యకు ఆరంభము.

ప్రతిఫలము విషయమున మన చట్టము ఇంగ్లీషు చట్టమునుండి వేరుపడినది. 1861లో ఇంగ్లండున ఒక తీర్పు వచ్చెను. వియ్యంకులిద్దరు క్రొత్తగా పెండ్లియైన దంపతులకు సొమ్ము ఇత్తుమని పరస్పరము వ్రాసికొనిరి. మామ ఇవ్వలేదు, అల్లుడు దావా వేయగా, నీవు ప్రతిఫలమేమియు ఇవ్వలేదు గనుక నీకు హక్కులేదనిరి. మన ఒడంబడికల చట్టము 1872లో వ్రాయబడినప్పుడు ప్రతిఫలము వాగ్దానము పొందినవానినుండి గాని 'మరి ఏ ఇతర వ్యక్తినుండి గాని' రావచ్చునని చేర్చిరి. దాని బలము 1880వ దశకపు తొలినాళ్ళలో మద్రాసు హైకోర్టు ముందరకు వచ్చిన చిన్నయ్య, రామయ్యల వ్యాజ్యమున తేటపడినది. ఒక వృద్ధురాలు తన భూములను దానపత్రముమూలమున కుమార్తెకిచ్చి, తన తోబుట్టువునకు ఏటేట వర్షాశనము చెల్లింపవలెనని షరతు పెట్టెను. కుమార్తె అట్లే చెల్లింతునని వ్రాసియిచ్చెను, పిదప మానుకొనెను. 'ఆ వైపునుండి నాకు ముట్టిన ప్రతిఫలమేమి?' యని వాదము. తల్లి ఇచ్చిన భూమియే ప్రతిఫలము, అది చాలునని హైకోర్టు తీర్పుచెప్పెను. ఉమ్మడి కుటుంబములలో ఒకరిచేతినుండి తీసికొని మరియొకరికి పెట్టుట నిత్యకృత్యమైన మన సమాజమునకు ఈ నియమము తగియున్నది.

ఒడంబడికకు యుక్తవయస్సు కూడ కావలెను. 1895లో కలకత్తాలో ధర్మదాస్ ఘోష్ అను మైనరు 20,000 రూపాయలకు తన ఇండ్లను తనఖా వ్రాసెను. అతడు మైనరని తల్లి తరపున వకీలు ముందే లేఖ వ్రాసియుండెను. ఋణదాత తరపు వకీలు లెక్కచేయలేదు. 1903లో ప్రివీ కౌన్సిలు తుది తీర్పునిచ్చుచు, మైనరు వ్రాసిన ఒడంబడిక తరువాత రద్దుచేయదగినది మాత్రమే కాదు, మొదటినుండియే శూన్యమని చెప్పెను. ధనవంతుల పిల్లలకు అప్పులిచ్చి ఆస్తులు కాజేయువారికి ఆ ఒక్క మాట గట్టి అడ్డుకట్ట అయినది.

ఒడంబడిక లేనిచోట ఒకరివలన మరియొకరికి కీడు కలిగినచో ఏమిగతి? దానికి సమాధానము చెప్పునది అపకృత్యముల శాస్త్రము. మన న్యాయవాదులు టార్టులందురు. ఆశ్చర్యమేమనగా ఈ శాఖకు మన దేశమున స్మృతి లేదు. 1886లో ఫ్రెడరిక్ పొలాక్ ఒక చిత్తు తయారుచేసెను. అది శాసనము కాలేదు. కావున తీర్పులే ఇందు ఆధారము.

వానిలో ప్రసిద్ధమైనది 1932 నాటిది. 1928 ఆగస్టులో స్కాట్లండునందలి పెయిస్లీ పట్టణమున ఒక ఫలహారశాలలో స్నేహితురాలు కొనియిచ్చిన అల్లపు పానీయమును డొనొహ్యూ అను పేదస్త్రీ త్రాగెను. మిగిలినది వంచగా సీసానుండి కుళ్ళిన నత్త బయటపడినదని ఆమె ఫిర్యాదు. సీసా ముదురురంగుది, లోపల ఏమున్నదో కనబడదు. ఆమె డబ్బిచ్చి కొనలేదు గనుక అమ్మినవానితో ఒడంబడిక లేదు; తయారుచేసినవానితో అసలే లేదు. ఐనను ప్రభువుల సభలో అట్కిన్ ప్రభువు ఒక క్రొత్త మార్గమును చూపెను. మన పనివలన ఎవరికి హాని కలుగునని ముందుగా ఊహింపగలమో వారందరును చట్టము దృష్టిలో మన పొరుగువారే. వారియెడ మనము జాగ్రత్త వహింపవలెను. ఈనాడు మందుసీసా మొదలు మోటారుబండి వరకు తయారుదారుని బాధ్యతకు ఈ తీర్పే మూలస్తంభము. మన వినియోగదారుల రక్షణ చట్టములు, 1986 నాటిదియు, దాని స్థానమున వచ్చిన 2019 నాటిదియు, ఈ భావమునే కొనుగోలుదారుని వాకిటికి చేర్చినవి.

జాగ్రత్త వహించినను ప్రమాదము జరిగినచో? 1868లో ఇంగ్లండున రైలాండ్స్ వ్యాజ్యములో, ప్రమాదకరమైన వస్తువును తన భూమిలో చేర్చుకొన్నవాడు అది తప్పించుకొనిపోయి కలిగించిన నష్టమునకు బాధ్యుడని చెప్పిరి. ఒక మిల్లు యజమాని కట్టించిన జలాశయము తెగి పొరుగు బొగ్గుగని మునుగుటయే ఆ తగవు. కాని దైవికము, పరుల కృత్యము మొదలగు మినహాయింపులను తరువాతి తీర్పులు చేర్చెను. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాలు నగరమున విషవాయువు వేలమందిని బలిగొన్నది. మరుసటి యేడు డిసెంబరులో ఢిల్లీలోని ఒక కర్మాగారమునుండి ఓలియము వాయువు వెలువడెను. ఆ రెండవ వ్యాజ్యమున 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు మినహాయింపులులేని సంపూర్ణ బాధ్యతను ప్రకటించెను. లాభము కొరకు ప్రమాదమును పెంచి పోషించువాడు దాని వెలను కూడ మోయవలెను. కాని ఈ సూత్రమునకు ప్రేరణయైన భోపాలు బాధితులకే దీని పూర్ణఫలము దక్కలేదు. 1989లో వారి వ్యాజ్యము 47 కోట్ల డాలర్ల రాజీతో ముగిసెను. సూత్రము పుట్టుట వేరు, అది బాధితుని చేతికందుట వేరు.

ఆస్తి విషయమున మన ఇండ్లలోని ఆడపిల్లల కథ చెప్పవలసియున్నది. మితాక్షర మతమున కుమారునకు పుట్టుకతోడనే పితృపితామహుల ఆస్తిలో హక్కు. జీమూతవాహనుని దాయభాగమును అనుసరించు వంగదేశమున తండ్రి మరణించిన పిమ్మటనే హక్కు. రెండింటను కుమార్తె స్థానము వెనుకనే. మితాక్షర ఉమ్మడి కుటుంబమున వితంతువునకు మనోవర్తి మాత్రమే; 1937 నాటి చట్టము ఆమెకు భర్త వాటాను ఇచ్చినను, జీవితకాలపు అనుభవముగానే ఇచ్చెను.

నెల్లూరు ప్రాంతపు తులశమ్మ వ్యాజ్యమును తలచికొందము. భర్త 1931లో మరణించెను. 1944లో ఆమె మరిదిపై మనోవర్తికి దావా వేసెను. 1949లో రాజీ కుదిరి కొన్ని ఆస్తులు ఆమెకు దక్కెను. కాని బ్రదికినంతకాలము అనుభవింపవలసినదే, అమ్మరాదు. 1956లో హిందూ వారసత్వ చట్టము వచ్చెను. దాని 14వ సెక్షను స్త్రీ స్వాధీనమందలి ఆస్తిని పరిపూర్ణ స్వామ్యముగా మార్చెను. ఆమె కొంత ఆస్తిని అన్యాక్రాంతము చేయగా, చెల్లదని తగవు. 1977లో సుప్రీంకోర్టు ఆమెకే గెలుపునిచ్చెను. మనోవర్తి భిక్ష కాదు, హక్కు. ఆ హక్కునకు బదులుగా వచ్చిన ఆస్తికి ఆమెయే పూర్తి యజమానురాలు. మొదటి దావా నాటినుండి ముప్పదిమూడేండ్లు గడచెను.

అటుపిమ్మట ఒక పెద్ద అడుగు మన రాష్ట్రమే వేసినది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణచట్టము 1985 సెప్టెంబరు 5 నుండి కుమార్తెకును కుమారునివలె పుట్టుకతో ఉమ్మడి ఆస్తిలో సమానమైన హక్కు నిచ్చెను. దేశమున ఇట్టి చట్టమిదియే మొదటిది. ఐతే ఆ తేదీకి ముందు పెండ్లియైన కుమార్తెలకు అది వర్తింపలేదు. ఒకే ఇంట అక్కకు లేని హక్కు చెల్లెలికి కలిగెను. 2005లో కేంద్రచట్టము దేశమంతటికిని ఈ సమానత్వమును విస్తరించెను. ఆనాటికి తండ్రి జీవించియుండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టపరచెను. విజ్ఞానేశ్వరుడు కుమారునకు చెప్పిన జన్మస్వత్వము ఇన్ని శతాబ్దులకు కుమార్తెకు సంక్రమించినది.

తుదకు రాజ్యాంగము. ఇతర శాఖలు మనిషికిని మనిషికిని నడుమ న్యాయము చెప్పును. ఇది మనిషికిని ప్రభుత్వమునకును నడుమ చెప్పును. 1950లో ఎ.కె. గోపాలన్ మద్రాసు కారాగారమున నిర్బంధితుడైయుండి సుప్రీంకోర్టున మొరపెట్టెను. శాసనసభ ఒక విధానమును చట్టము చేసినచో చాలును, అది న్యాయమైనదా కాదా యని తాము విచారింపమని అధికసంఖ్యాక న్యాయమూర్తులనిరి. 1978లో మేనకాగాంధీ పాస్‌పోర్టును ప్రభుత్వము కారణము చెప్పక పట్టుకొన్న వ్యాజ్యమున ఆ మాట తిరుగబడెను. విధానము సరసమును, న్యాయమును, సహేతుకమును కావలెను; ఎవనిపై చర్య తీసికొనబడునో వాని మాట వినవలెను. ఇదియే సహజన్యాయము. ఇరుపక్షముల మాటయు వినక తీర్పు చెప్పరాదని మన పల్లె రచ్చబండ పెద్దలకు కూడ తెలిసిన ధర్మమే ఇరువదియెనిమిదేండ్లకు రాజ్యాంగసూత్రమైనది.

ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణద్వారా తీసివేయగలదా యను ప్రశ్నకు 1967లో గోలక్‌నాథ్ వ్యాజ్యమున తీసివేయరాదని ఆరుగురు న్యాయమూర్తులనిరి, ఐదుగురు కాదనిరి. ఆ ఆరుగురిలో ముఖ్యుడు రాజమహేంద్రవరమున జన్మించి, గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తియై, పిదప దేశపు ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి వ్యాజ్యమున పదుముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సూత్రమును మార్చి, సవరించు అధికారమున్నది గాని రాజ్యాంగపు మూలస్వరూపమును చెరుపరాదని ఏడుగురు ఆరుగురుగా నిర్ణయించెను. ఆ ఏడుగురిలో హైదరాబాదునుండి వెళ్ళిన పి. జగన్మోహనరెడ్డిగారు ఒకరు. ఈ రెండు వ్యాజ్యములును పుట్టినది భూముల తగవులనుండియే. ఒకటి పంజాబునందలి ఒక కుటుంబపు పొలము, మరియొకటి కేరళలోని ఒక మఠపు భూమి. ఎకరముల కొరకు మొదలైన వాదము రాజ్యాంగపు హద్దులను నిర్ణయించుటతో ముగిసినది.

ఈ శాఖలన్నింటను తిరిగిచూచినచో ఒక పోలిక గోచరించును. నేరమున సంకల్పము, సాక్ష్యమున స్వేచ్ఛగా పలికిన మాట, ఒడంబడికలో ఎరిగిచేసిన అంగీకారము, అపకృత్యమున పొరుగువానియెడ జాగ్రత్త, ఆస్తిలో ఆడపిల్లకు సమస్థానము, రాజ్యాంగమున వినబడు హక్కు. వేరువేరు పేరులతోనున్న ఈ భావములన్నియు మనిషిని వస్తువుగా గాక మనస్సు గలవానిగా చూడుమని చెప్పుచున్నవి. శాఖలు మన సౌకర్యము కొరకు ఏర్పడినవి. మనిషి మాత్రము ఒక్కడే.

కావున న్యాయవిద్యార్థులకు మనమొక్క మాట చెప్పుదము. సెక్షనును చదువుటకు ముందు వ్యాజ్యపు కథను చదువుడు. ఎవరు నష్టపడిరి, ఏమి కోరిరి, ఎన్నాళ్ళు వేచిరి యని అడుగుడు. నిర్వచనము దానంతట అదియే గుర్తుండును. ఇంటియందు ఈ మాటలను వినుచున్న పెద్దలకును ఒక విన్నపము. కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు దానిని చదివించుకొనుట, మైనరు పేర అప్పు వ్రాయకుండుట, కుమార్తె వాటాను మరువకుండుట, పోలీసువారు పిలిచినప్పుడు భయపడి లేని నేరమును ఒప్పుకొనకుండుట, ఇవి న్యాయవాదులకు మాత్రమే తెలియవలసిన సంగతులు కావు. ఆ హక్కులను మనకు సంపాదించిపెట్టినవారు చాలవరకు మనవంటి సామాన్యులే. వారు దశాబ్దములు కోర్టుల చుట్టు తిరిగి గెలిచినదానిని, తెలియక చేజార్చుకొనుట మనకు తగదు.